గేటక్క అడిగిన ఒక్క మాట

గేటక్క చనిపోయిందని నాకు తెలిసింది ఆమె చనిపోయిన ఐదు నెలలకు. అదీ ఎవరో కబురు చేస్తే కాదు. నా పని మీద నేను ధర్మవరం పోయి, ఆమె ఇంటికి తాళం చూసి, పక్కింట్లో మగ్గం చప్పుడు వినబడితే అక్కడ అడిగాను.

"ఆయమ్మ పోయి శానా దినాలాయ గదప్పా! నీకు తెలీదా?" అన్నాడు మగ్గం మీదున్నాయన, చెయ్యి ఆపకుండానే.

తెలీదు. తెలుసుకోవలసిన వాణ్ణే, తెలుసుకోలేదు. ముప్పై ఏళ్ళకు దగ్గరగా ఆమె నన్ను ఒకే ఒక్క మాట అడుగుతూ వచ్చింది. ఇదిగో అదిగో అని జరుపుతూ వచ్చి, తీరా ఇప్పుడు "రాస్తానక్కా" అని చెప్పడానికి పోతే వినడానికి మనిషి లేదు. ఆ రోజు ఆ గడప ముందు నా మీద నాకు వచ్చినంత కోపం ఇంకెవరి మీదా ఎప్పుడూ రాలేదు.

ధర్మవరంలో ఒక సినిమా హాల్లో ఆడవాళ్ళ వైపు గేటు దగ్గర టికెట్లు చించే మనిషి ఆమె. అసలు పేరు ఊళ్ళో ఎవరికీ అవసరపడలేదు. ఆమె మొగుడు ఉన్నన్నాళ్ళూ అతన్ని గూడా "గేటక్క మొగుడు" అనేవారు. అతను మగ్గం నేసే మనిషి, తొందరగానే పోయాడు. ఒక్క కూతురు, పార్వతి. మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ ఒకే వీధి. చుట్టరికం లేకపోయినా నేను అక్కా అనేవాణ్ణి, పార్వతి నన్ను మామా అనేది.

మనిషి పొడుగు. కుడిచేతిలో బ్యాటరీ లైటు ఉండాల్సిందే. పెళ్ళికి పోయినా చావుకు పోయినా అది చంకలో పెట్టుకునే పోయేది. ఆ లైటు అద్దానికి పట్టుచీర అంచు ముక్క ఒకటి కట్టి ఉండేది. ఎందుకంటే, చీకట్లో కూచున్న వాళ్ళ మొహాల మీద వెలుతురు కొడితే ఆమెకు నచ్చదు. "వెలుగు కాళ్ళకు ఇయ్యాలబ్బా, మొగానికి కాదు. సినిమాకొచ్చిన ఆడది ఏడుస్తాంటాదో, నవ్వుతాంటాదో, మనకెందుకు?" అనేది. టికెట్టు ఎడమచేత్తోనే చించేది, ఒక్క లాగు, గీత గీసినట్టు. హాలు నిండిపోయాక కూడా జనాన్ని బెంచీల మీదికి కూరడంలో ఆమెను మించిన వాళ్ళు లేరు. "జరగండమ్మా, జరగండి. ఒకటిన్నర మనిషి వస్తాంది!" అంటే నిండు గర్భిణి వస్తోందని అర్థం. అందరూ నవ్వుతూ జరిగేవారు. "రెండున్నర మనిషి" అంటే ఆ గర్భిణితో పాటు అత్త గూడా వచ్చిందని.

ఇన్ని వేల ఆటలు నడిపిన మనిషి ఒక్క సినిమా గూడా తిన్నగా చూడలేదు. తెరకు వీపు పెట్టి, పక్కతలుపు దగ్గర గోడకు ఆనుకుని, జనం వైపు చూస్తూ నిలబడేది. "బొమ్మ ఎట్లుండాదక్కా?" అంటే "నాకేం తెల్సు? నేను జనాన్ని చూస్తి" అనేది. కానీ ఏ సినిమా ఎన్ని వారాలు ఆడుతుందో మొదటి రోజే చెప్పేది. మేనేజరు లెక్క తప్పేది, ఆమె లెక్క తప్పేది కాదు. ఇంటర్వెల్లో ఆడవాళ్ళు మురుకులు కొనడం మరిచిపోయి మాట్లాడుకుంటుంటే బొమ్మ ఆడినట్టే. మురుకులు తొందరగా అమ్ముడైతే సినిమా పెట్టె సర్దుకోవాల్సిందే.

ఈ విద్యను నేను బాగా వాడుకున్నాను. నాకు మగ్గం పని అబ్బలేదు. మా నాయన "వీడు నేస్తే అది చీర కాదు, చేపల వల" అని చేతులెత్తేశాడు. డిగ్రీ అయ్యాక ఎవరి వెనకో పడి మద్రాసు పోయి, డబ్బింగ్ సినిమాలకు మాటలు రాసే పనిలో కుదురుకున్నాను. నా చేతికి వచ్చినవాటిలో పెద్దది ఒక ఇంగ్లీషు గూఢచారి సినిమాల వరస. వాడి సినిమాలు నేను పుట్టకముందు నుంచే వస్తున్నాయి. వేషం వేసే నటులు ముసలివాళ్ళై మారిపోతుంటారు గానీ, వాడు మాత్రం పెళ్ళీడు పిల్లాడిలాగే ఉంటాడు.

సినిమా విడుదలైన వారానికి నేను ధర్మవరం వచ్చి గేటక్క పక్కన నిలబడేవాణ్ణి. ఎక్కడ లేచారు, ఎక్కడ ఈల వేశారు, ఎక్కడ ఆవులించారు, అన్నీ అడిగి రాసుకునేవాణ్ణి. ఒక సినిమాలో వాడి కారు గాల్లో ఎగిరితే చప్పట్లు కొట్టిన జనం, తర్వాతి దాంట్లో అదే కారు మళ్ళీ ఎగిరితే "పోయిన తూరే చూస్తిమి గదా" అన్నారట. దాని తర్వాతి సినిమాలో కారు నీళ్ళలో మునిగింది. మొదట్లో విలన్లు రష్యావాళ్ళు, తర్వాత మత్తుమందుల వాళ్ళు, ఆ తర్వాత కంప్యూటర్ల వాళ్ళు. లండన్లో కూచుని వాళ్ళు ఎవరిని అడిగి మార్చేవారో నాకు తెలియదు. ధర్మవరంలో జనం లేచి మురుకులకు పోయిన సీను మాత్రం తర్వాతి సినిమాలో ఉండేది కాదు. ఆ మాటంటే గేటక్క నవ్వి, "నన్నడిగితే ముందే చెప్తుంటి గదా, వాళ్ళకి అంత కర్చు తప్పేది" అనేది.

నా పని ఎలాంటిదో ఒకసారి ఆమెకు విడమరిచి చెప్పాను. మ్యాట్నీకి ముందు గేటు మెట్ల మీద కూచుని ఉన్నాం. తెరమీది మనిషి పెదాలు కలిసిన చోట మనం 'ప'నో 'బ'నో 'మ'నో పడేట్టు రాయాలి, నోరు తెరిచిన చోట తెరిచే అక్షరం పడాలి, లేకపోతే జనం నవ్వుతారు అని చెప్పాను.

"అయితే నోరు కనపడకపోతే?" అంది.

"మనిషి అటు తిరిగి వీపు కనబడుతుంటే మన ఇష్టమక్కా. ఇంగ్లీషులో ఏమీ అనకపోయినా మనం అనిపించొచ్చు."

"వీపు తిప్పుకున్నోళ్ళ నోట్లో ఏమైనా పెట్టొచ్చన్నమాట!" అని తల ఊపింది. ఆ ముక్క ఆమె మనసులో దాచుకుంటోందని నాకు అప్పుడు తోచలేదు.

ఆ వరసలో ఒక సినిమా. హోటలు గది. గూఢచారికి అప్పటిదాకా సాయం చేసిన అమ్మాయి, అతను దగ్గరికి వస్తే వద్దంటుంది. వాడు చెంప మీద ఒకటి కొడతాడు. ఇంగ్లీషులో "కూర్చో" అంటాడు, అంతే. సిగరెట్టు వెలిగించుకుంటాడు. ఆ అమ్మాయి ఏమీ అనకుండా కిటికీ వైపు తిరిగి నిలబడుతుంది. తర్వాత రెండు రీళ్ళకు చచ్చిపోతుంది. ఆ సినిమాలన్నిట్లో అలాంటి అమ్మాయి ఒకతె ఉండేది, ఇంచుమించు అక్కడే చచ్చిపోయేది.

సినిమా కొన్నాయన "ఈడ మాస్‌కు తగిలేది ఒకటి పడాల" అన్నాడు. అంతకు ముందటి సినిమాలో చెంపదెబ్బకు ఏమైందని గేటక్కను అడిగి ఉన్నాను. ఆమె చెప్పింది: "మొగోళ్ళు ఈల వేసిరి. ఆడోళ్ళు తల వంచుకునిరి." నా నోటుబుక్కులో నేను మొదటి ముక్కే రాసుకున్నాను. రెండోది రాసుకోవాలని కూడా అనిపించలేదు. ఇప్పుడా పుస్తకం తీసి చూస్తే సిగ్గుగా ఉంటుంది.

స్టూడియో బయట సిగరెట్టు తాగుతూ రాశాను ఆ మాటను. వాడు సిగరెట్టు వెలిగిస్తుంటే మొహం సగం చేతి చాటున ఉంటుంది, పెదాల గొడవ లేదు. "నీ 'వద్దు'కు ఆయుష్షెంతనుకున్నావ్? నా సిగరెట్టంత!"

సినిమా కంటే ఆ మాట ఎక్కువ ఆడింది. హిందూపురం బస్టాండులో కన్నడం తప్ప మాట్లాడనివాళ్ళు గూడా ఈ ఒక్క తెలుగు ముక్కను అనేవారు. టీ బంకుల దగ్గర ఒకడు "ఆయుష్షెంత?" అంటే ఇంకొకడు "సిగరెట్టంత!" అనేవాడు. పెనుకొండలో ఆటో వెనక రాయించుకున్నాడొకడు. నాకు గర్వంతో భూమ్మీద కాలు నిలవలేదు. ధర్మవరంలో ఆ సినిమాను మళ్ళీ తెప్పించి రెండోసారి ఆడిస్తున్నారంటే, సంబరంగా వచ్చి గేటక్క దగ్గర నిలబడ్డాను. మ్యాట్నీ ఆట. ఆ సీను వచ్చింది. వాడు చెయ్యెత్తాడు. అప్పుడు గేటక్క వెనక్కి చెయ్యి చాపి, పక్కతలుపు గడియ లాగి, రెండు రెక్కలూ బార్లా తెరిచింది.

మధ్యాహ్నపు ఎండ తిన్నగా వచ్చి తెరమీద పడింది. హోటలు గది, మనిషి, సిగరెట్టు, అన్నీ ఉతికిన గుడ్డలా తెల్లబోయాయి. మాట వినబడుతోంది, బొమ్మ లేదు. మగవాళ్ళ వైపు నుంచి ఒకటే అరుపులు: "తలుపు మూయమ్మో! మూయ్!" ఆమె మూయలేదు. ఆ సీను అయ్యేదాకా నిలబడి, అయ్యాక తలుపు చేరేసి, కొంగుతో మొహం తుడుచుకుంది. ఇంటర్వెల్లో మేనేజరు వచ్చి కేకలేస్తే "ఉడకపోస్తాంది సామీ, ఆడబిడ్డలకు గాలాడలేదు" అంది. మరుసటి రోజూ అదే చేసిందట, ఆ మరుసటి రోజూ అంతే. రోజూ సరిగ్గా అదే సీనుకు ఉడకపోస్తే ఏ మేనేజరు నమ్ముతాడు? ఆ సినిమా వెళ్ళిపోయేదాకా మ్యాట్నీకి ఆమెను గేటు దగ్గర నిలబడనివ్వలేదు.

"ఏమక్కా, నా సీనుకే తలుపు తీస్తివి?" అన్నాను నేను, ఆ మొదటి రోజే ఆట వదిలాక. నవ్వుతూనే అన్నాను. "ఆ మాట నేనే రాసినా, తెలుసా?"

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వా? ఇంగ్లీషోడే అన్నాడేమో అనుకుంటి" అంది. తర్వాత "ఈడ గాదు, రా" అని మెట్ల మీదికి తీసుకుపోయి చెప్పింది.

పార్వతి అప్పుడు హిందూపురంలో డిగ్రీ రెండో ఏడు. పొద్దున ప్యాసింజరుకు పోయి సాయంత్రం వచ్చేది. పెనుకొండలో ఎక్కే ఒకడు కొన్నాళ్ళుగా వెంటబడుతున్నాడు. ఒకనాడు చీటీ ఇయ్యబోతే ఈ పిల్ల "వద్దు" అంది.

"అంతే అబ్బా. 'వద్దు' అనిందంట, ఇంకేమీ అనలేదంట. వాడు సిగరెట్టు ముట్టించి, నీ మాట అన్నాడంట. రైలు పెట్టెలో ఉండేటోళ్ళంతా నవ్వినారంట. ఆ సిగరెట్టు ఐపోయేదాకా దాని ముందర్నే నిలబడుకున్నాడంట. 'ఇంకా సగముండాది, ఇంకా కాలుభాగముండాది' అని చుట్టూ ఉండేటోళ్ళు లెక్క చెప్తాండారంట. ఐపోయినాక పారేసి, 'ఆయుష్షు తీరింది, ఇంక తీసుకో' అని చీటీ దీని ఒళ్ళో పెట్టినాడంట. ఒక్క మనిషి, ఒక్క మనిషి నోరెత్తలేదంట అబ్బా. అందులో దాని తోటి ఆడపిల్లోళ్ళు గూడా నవ్వినారంట."

పార్వతి హిందూపురంలో దిగి, స్టేషను బయటికి గూడా పోకుండా, తిరుగు బండి వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీదే కూచుందట. ఆ తర్వాత కాలేజీకి పోలేదు. బతిమాలినా పోలేదు, తిట్టినా పోలేదు.

నేను "రైల్లో ఎవడో పోకిరీ చేస్తే మాటదేం తప్పక్కా" అన్నాను. అవును, అన్నాను. ఈ చేత్తోనే ఆ మాట రాసి, ఈ నోటితోనే ఆ ముక్కా అన్నాను.

ఆమె అరవలేదు. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది. "తప్పని నేను అన్నానా?" అంది. "నువ్వు వానికి మాట ఇస్తివి. దానికి ఇయ్యలేదు. అదే అడుగుతాండా. ఆయమ్మ కిటికీ తట్టు తిరుక్కొని నిలబడుకుంటాది గదా. నోరు కనపడదు గదా. వీపు తిప్పుకుంటే ఏమైనా పెట్టొచ్చని నువ్వే చెప్తివి గదా."

"ఏం పెట్టమంటావు?"

ఒక్క క్షణం గూడా ఆలోచించలేదు. ఎన్నాళ్ళుగా అనుకుంటోందో. "'నీ సిగరెట్టు ఐపాయ. నా వద్దు ఇంకా ఉండాది.' అంతే."

నేను రాసిన దానికంటే అది వందరెట్లు బాగుందని అక్కడే తెలిసింది. అయినా నవ్వేసి, "ఇప్పుడెట్లక్కా, సినిమా పెట్టెలన్నీ ఊళ్ళ మీద తిరుగుతాండాయి. మళ్ళీ ఎప్పుడన్నా అవకాశమొస్తే పెడతాలే" అన్నాను.

"పెట్టు. మరిచిపోవద్దు" అంది.

అవకాశం రాకపోలేదు. కొన్నేళ్ళకు ఒక టీవీ వాళ్ళు ఆ సినిమా కొని, మాటలు కొత్తగా రికార్డు చేయించారు. నేనే కూచున్నాను. ఆ అమ్మాయికి గొంతు ఇచ్చే ఆవిడ అద్దం అవతల నిలబడి ఉంది. కిటికీ సీను వచ్చింది. నా నోటిదాకా వచ్చింది గేటక్క మాట. చెబితే రెండు నిమిషాల పని. చెప్పలేదు. ఈ జవాబు పడితే జనం నా హీరోను చూసి నవ్వుతారు, నాకు పేరు తెచ్చిన మాట ఓడిపోతుంది అని భయపడ్డాను. ఇంకో కారణం ఏదీ లేదు. అది టీవీలో వచ్చిన తర్వాత ధర్మవరం పోతే, "చూస్తినబ్బా. ఆయమ్మ ఊరికే నిలబడుకునింది" అంది గేటక్క. నాకు టీ తెప్పించింది.

ఆ తర్వాత ఆ గూఢచారి సినిమా ఏది వచ్చినా ఆమె మొదటి ప్రశ్న అదే: "ఈ తూరి ఆయమ్మ మాట్లాడతాదా?" మెల్లగా మాట్లాడటం మొదలైంది గూడా. లోకం రుచి మారింది. వాడు సిగరెట్టు మానేశాడు. చెయ్యెత్తడం మానేశాడు. ఆ అమ్మాయిలు తుపాకులు పట్టారు, వాణ్ణి ఎదిరించారు, కొందరు చివరిదాకా బతికారు. ఒక సినిమాలో వాడు చచ్చిపోయిన అమ్మాయిని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాడు. అది రాస్తున్నప్పుడు నాకు గేటక్కే గుర్తుకొచ్చింది. విడుదలైన వారానికి ఆశగా ఫోన్ చేసి, "ఎట్లుండాదక్కా?" అన్నాను.

"మొగోళ్ళు లేసి పోతాండారప్పా. వీడేందిరా ఏడుస్తాండాడు, పాతోడే బాగుండె అని."

"ఆడోళ్ళు?"

"ఆడోళ్ళు యాడుండారు హాల్లో? అంతా సీరియళ్ళ కాడ కూచున్నారు. ఈ పొద్దు నా తట్టు ఇద్దరు వచ్చిరి. ఒకరు నిద్రపోయిరి."

వాడు ఆడవాళ్ళకు మర్యాద నేర్చుకునే నాటికి చూడటానికి ఆడవాళ్ళు లేరు. గేటక్క ఖాళీ బెంచీల ముందు, పట్టుగుడ్డ కట్టిన లైటు పట్టుకుని, ఎవరి కాళ్ళకు వెలుగు చూపాలో తెలియక నిలబడి ఉండేది. కొన్నాళ్ళకు ఆ బెంచీలే తీసేశారు. మెత్తటి కుర్చీలు వేశారు, ఆడా మగా ఒకే వైపు. గేటక్కను ఇంటికి పంపేశారు.

ఇంతకూ నేను ధర్మవరం ఎందుకు పోయానో చెప్పాలి. ఇప్పుడు పాత సినిమాలను కడిగి తుడిచి మళ్ళీ హాళ్ళలో వేయడం నడుస్తోంది కదా. ఆ సినిమా గూడా వస్తోందని హైదరాబాదు నుంచి స్టూడియో మేనేజరు ఫోన్ చేశాడు. "సార్, ఆ సిగరెట్ లైన్ ఇప్పుడు పెడితే మమ్మల్ని ఉతికి ఆరేస్తారు. ఆడియన్స్ టేస్ట్ మారింది. మీరే వచ్చి మార్చి ఇవ్వండి" అన్నాడు. ఫోన్ పెట్టేసి, ఆ సాయంత్రమే రైలెక్కాను. ఆ తర్వాత సంగతి మొదట్లోనే చెప్పాను.

తాళం వేసిన ఇంటి నుంచి పెనుకొండ పోయాను, పార్వతి దగ్గరికి. కొండ కింది వీధిలో ఇల్లు. గడప దగ్గర కూచుని, పట్టుచీర కొంగును మేకుకు తగిలించి కుచ్చులు కడుతోంది. ఆమెకూ తల నెరిసింది. నన్ను చూసి లేవబోయింది, వద్దన్నాను. లోపల గోడకు ఆ బ్యాటరీ లైటు వేలాడుతోంది. కరెంటు పోతే పార్వతి అదే వాడుతుందట.

విషయం చెప్పాను. ఆమె ముడి వేస్తూనే వినింది. "అమ్మ నిన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు మామా. 'వాడు మంచోడే, ఈలలకు లొంగినాడు' అనేది."

"ఇప్పుడు పెడతా పార్వతీ. అమ్మ చెప్పింది చెప్పినట్టే పెడతా."

చెయ్యి ఆపి తలెత్తింది. "అది ఇని నేను బాగుపడతానని అమ్మ అడగలేదు. నేను మళ్ళా కాలేజీకి పోనని అమ్మకు తెల్సు. ఆ రైలు పెట్టెలో నవ్వినోళ్ళు ఉండారు గదా మామా, వాళ్ళు యాడో ఒక హాల్లో కూచోని ఆ మాట ఇనాల. అది అమ్మ ఆశ." మళ్ళీ కుచ్చు ముడి వేస్తూ, "బొమ్మ ఈడికొస్తే చెప్పు. నేనూ వస్తా" అంది.

స్టూడియోలో నేను ముసలి గొంతుతో ఎంత వాదించాలో అంత వాదించాను. వాడి మాట ఉంచండి, దాని వెంటనే ఆమె జవాబు పెట్టండి అన్నాను. మేనేజరు మర్యాదస్తుడే. "సార్, ప్రశ్నే తీసేస్తున్నాం. ఇంక జవాబెందుకు? అసలు అలాంటిదేమీ లేనట్టు క్లీన్‌గా వెళ్ళిపోదాం" అన్నాడు. లేనట్టు! ఆ రోజు ఆ పిల్ల ప్లాట్‌ఫారం మీద కూచోనట్టు, గేటక్క తలుపు తీయనట్టు. గొడవపడ్డాను. చివరికి పోనీలే పెద్దాయన అని సగం ఒప్పుకున్నాడు. వాడు ఇంగ్లీషులో లాగే "కూర్చో" అంటాడు. ఆమె కిటికీ వైపు తిరిగాక, "నా వద్దు ఇంకా ఉంది" అంటుంది. సిగరెట్టు ముక్క ఉండదు. గొంతు ఇచ్చిన అమ్మాయి ఎంత బాగా చెప్పిందంటే, నేను అద్దం ఇవతల కళ్ళు తుడుచుకున్నాను.

ధర్మవరంలో పొద్దుటి ఆట. అదే హాలు, కుర్చీలు వేరు. పార్వతి ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. పక్కన కూచున్నాను. హాలు నిండా ఆ సినిమా తర్వాత పుట్టినవాళ్ళే. ఫోన్లలో ముక్కలు ముక్కలుగా చూసి అంతా కంఠతా పట్టారు. కాగితాలు చించి సంచుల్లో తెచ్చుకున్నారు. ఆడపిల్లలు గూడా బాగానే ఉన్నారు, ఫోన్లు ఎత్తి పట్టుకుని. వాళ్ళను చూసి నాకు ఆశ పుట్టింది. పార్వతి కూడా వాళ్ళనే చూస్తోంది.

హోటలు గది వచ్చింది. వాడు చెయ్యెత్తగానే హాలు లేచి నిలబడింది. దెబ్బ పడింది. వాడు "కూర్చో" అన్నాడో లేదో నాకే తెలియదు. హాల్లో సగం మంది "ఆయుష్షెంత?" అని అరిచారు. మిగతా సగం "సిగరెట్టంత!" అని అరిచింది. కాగితాలు ఎగిరాయి. ఈలలు. మళ్ళీ "ఆయుష్షెంత?", మళ్ళీ "సిగరెట్టంత!" మా ముందు వరసలో ఇద్దరు ఆడపిల్లలు పగలబడి నవ్వుతూ వీడియో తీస్తున్నారు. మేము తీసేసిన మాటను వాళ్ళు గుండెల్లోంచి తీసి మళ్ళీ పెట్టారు. తెరమీద ఆ అమ్మాయి కిటికీ వైపు తిరిగి నిలబడింది. ఆమె భుజం కదిలింది. అదే చోటు. నాకు తెలుసు. ఒక్క అక్షరం వినబడలేదు.

పార్వతి నా చెయ్యి పట్టుకుంది. "మామా, అమ్మ మాట వచ్చిందా?"

"వచ్చింది."

"యాడ? నాకు ఇనపళ్ళేదే."

ఆ మొహం చూడలేక లేచాను. కుర్చీలు తాకుతూ, కాళ్ళు తొక్కుతూ, గోడ వైపు పోయాను. దళసరి పరదా వెనక ఆ పాత పక్కతలుపు ఇంకా ఉంది. గడియ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. రెండు చేతులతో లాగాను. రాలేదు. చెప్పు తీసి దానితో కొట్టాను. వేలు చీరుకుపోయింది. చివరికి కదిలింది. రెక్కలు తోశాను.

పొద్దుటి వెలుతురు తెరమీద పడింది. ఒక్కసారిగా హాలంతా నా మీద లేచింది. "ఎవురప్పా తలుపు తీసింది? ఏయ్ పెద్దాయనా, మతుండాదా నీకు? మూయ్!" నేను తెరవైపు తిరిగి చూశాను. తెల్లబోయిన తెరమీద హోటలు గది లేదు. ఏదో వంతెన, ఏవో కార్లు పోతున్నాయి.

పార్వతి నా వెనకే వచ్చి నిలబడింది. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. చిన్నప్పుడు వాళ్ళమ్మ మా వీధి పిల్లల్ని హాల్లోకి పిలిచే గొంతుతోనే అంది:

"ఆ సీను ఐపాయ లే మామా. తలుపు మూసేసి రా, కూచుందాం."